ఇంటావిడ వసారాలో తేనెపిట్ట

ఆ ఇంట్లో అద్దెకున్నంత కాలం ఇంటావిడకీ నాకూ పడలేదు. పడలేదంటే మూతి ముడుచుకుని తిరగడం కాదు. పొద్దున్నే పెరటి తలుపు తీసేటప్పుడు, ఇవాళ ఆవిడ ఏమంటుందో, దానికి నేనేమనాలో మనసులో నూరుకుని మరీ గడియ తీసేదాన్ని. ఆవిడా అలాగే చేసేదని నా నమ్మకం. లేకపోతే మొహం కడుక్కోకముందే అంత పదునైన మాటలు ఎవరికీ నోటికి రావు.

బెజవాడ వన్ టౌన్‌లో, బట్టల దుకాణాల వీధికి వెనక సందులో ఉండేది ఆ ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మావారు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. నేను కాపురానికొచ్చి రెండేళ్ళు కాలేదు, పిల్లలు ఇంకా లేరు. ఇంటి ముందుభాగం ఇంటావిడది, వెనక రెండు గదులూ మావి, వాటి పక్కన పెరట్లోకి తెరుచుకునే వసారా మాత్రం ఆవిడదే. పెరడు ఉమ్మడి. అందులో ఒక బావి, ఒక జామచెట్టు, గోడవారగా మునగచెట్టు. ఆ గోడ అవతల రైల్వే గూడ్సు యార్డు. ఇంజను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడేది.

ఇంటావిడ భర్త పోయాక చేనేత చీరల వ్యాపారం తనే నడుపుకొచ్చింది. దుకాణంలో తమ్ముడు కూర్చునేవాడు గానీ, పెడన నుంచీ మంగళగిరి నుంచీ వచ్చిన ప్రతి చీరా ముందు ఇంటికొచ్చి, ఆవిడ చేతి కింద మడత విప్పుకుని, మళ్ళీ మడతపడి వెళ్ళాల్సిందే. గంజి చాలని చీరలకి పెరట్లోనే మళ్ళీ గంజి పెట్టించి, జామచెట్టు నుంచి బావి స్తంభం దాకా కట్టిన తాళ్ళ మీద ఆరేయించేది. ఎండలో ఆ చీరలు అట్టల్లా బిగుసుకుని గాలికి టపటపలాడుతుంటే, వాటి మధ్యనుంచి వంగి వెళ్ళి నీళ్ళు తోడుకోవాలి మేము. కొంగు తగిలిందా, అంతే.

ఇక నా సంగతి. మా నాన్న మైలవరంలో బడిలో డ్రాయింగు మాస్టరు. కాలవల పని మీద వచ్చి తిరిగి ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతున్న ఒక దొర సామాను అమ్మితే, అందులో ఒక డబ్బా కెమెరా కొన్నారు. నల్లటి అట్టపెట్టె. ముందు ఒక గాజు కన్ను, పక్కన చిన్న మీట, పైన చూసుకోవడానికి అగ్గిపెట్టెలో సగమంత అద్దం. వెనక ఎర్రద్దం బిగించిన చిన్న కంత, అందులోంచి ఫిల్ము మీది అంకె కనిపించేది. రోలుకి ఎనిమిది బొమ్మలు. నాన్నకి చూపు తగ్గాక దాన్ని వాడడం మానేశారు. నేను కాపురానికొచ్చేటప్పుడు అమ్మ సారె సర్దుతుంటే, చీరల మధ్య గుంట చేసి దాన్ని పెట్టారు. "అక్కడ నీకేం తోస్తుందమ్మా, పిట్టల్ని చూసుకుంటూ ఉండు" అన్నారు. చిన్నప్పుడు ఆయనతో చెరుకు తోటల వెంట తిరిగి పిట్టల పేర్లన్నీ నేర్చుకున్నాను. ఆయన పక్కన అరటిదొప్పలో నీళ్ళు పట్టుకుని, గోరువంక వచ్చేదాకా ఊపిరి బిగపట్టి కూర్చున్నదాన్నే నేను.

బెజవాడలో మొదటి రోలంతా వృథా అయింది. ఫోటోలు కడిగే స్టూడియో ఆయన కాగితాలు నా చేతిలో పెట్టి "చెట్టు బాగా వచ్చిందమ్మా" అన్నాడు. చెట్టులో పికిలిపిట్ట ఉంది. అది ఉందని నాకు తెలుసు కాబట్టి కనబడింది, లేకపోతే ఆకు. డబ్బా కెమెరా దూరంగా నిలబడ్డ మనుషుల కోసం చేసింది. పిట్ట దగ్గరికి వెళితే మసక, దూరం జరిగితే చుక్క. దానికి నాన్న ఒక ఉపాయం చేసేవారు. తన పాత చత్వారం కళ్ళజోడులోంచి ఒక అద్దం ఊడదీసి, మైనంతో కెమెరా కంటికి అతికించేవారు. అప్పుడు సరిగ్గా మూర దూరంలో ఉన్న వస్తువు గీత గీసినట్టు పడుతుంది. నాలుగు వేళ్ళు అటూ ఇటూ అయితే మాత్రం ఏమీ ఉండదు. ఆ అద్దాన్ని కూడా ఆయన గుడ్డలో చుట్టి ఇచ్చారు.

కాబట్టి పిట్టే నా దగ్గరికి రావాలి. ముక్కాలిపీట మీద కెమెరా పెట్టి, కదలకుండా దాని నెత్తిన ఇటుక పెట్టేదాన్ని. మూరకర్రతో కొలిచి, అంత దూరంలో ఒక మూకుడులో నీళ్ళూ పక్కన గుప్పెడు నూకలూ. మీటకి దారం కట్టి, ఆ దారాన్ని వంటింటి కిటికీలోంచి లోపలికి తెచ్చుకుని, ఒక చేత్తో పప్పు ఎనుపుకుంటూ రెండో చేతి వేలికి దారం చుట్టుకుని నిలబడేదాన్ని. పిచ్చుకలు మొదట వచ్చాయి, తర్వాత గోరువంకలు, తర్వాత పికిలిపిట్టలు జంటగా. కాకులు ఎప్పుడూ ఉన్నాయి. అలా తీసినవాటిలో ఒక గోరువంక, పసుపుపచ్చటి కంటిచుట్టుతో సహా తెలిసేటంత స్పష్టంగా వచ్చింది. నలుపుతెలుపు బొమ్మలో పసుపు ఎక్కడిదంటారేమో. నాకు తెలిసింది.

అన్ని పిట్టలు దిగితే ఆ పైన తాళ్ళ మీద చీరలు శుభ్రంగా ఉంటాయా మరి. ఉండవు.

ఒకరోజు ఇంటావిడ ఒక తెల్ల చీర చెంగు రెండు వేళ్ళతో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమమ్మాయ్, ఇది ఇల్లా, పిట్టల సత్రమా?"

"నేను పిలిస్తే రాలేదు పిన్నిగారూ."

"నూకలు చల్లేది ఎవరు మరి? మీ నాన్నా?"

"మా నాన్న ఊసెత్తకండి."

"ఎత్తుతాను. ఆడపిల్లని పసుపూ కుంకుమా ఇచ్చి పంపుతారు గానీ, డబ్బా ఇచ్చి పంపుతారా ఎవరైనా?"

"మీ చీరల మీద రోజూ ఇంజను మసి పడుతోందిగా. వెళ్ళి రైలుతో పోట్లాడండి."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "రైలు నాకు అద్దె ఇవ్వదు. నువ్విస్తావు" అని వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి నా మూకుడు బోర్లపడి ఉండేది. నేను మళ్ళీ నింపేదాన్ని. ఆవిడ జామకొమ్మలకి ఖాళీ డబ్బాలు కట్టించి, తాడు తన వసారాలోకి లాక్కుని, పిట్ట వాలగానే గలగలలాడించేది. నేను వేలికి దారం కట్టుకుని ఇటు, ఆవిడ చేతిలో తాడు పట్టుకుని అటు. ఆ డబ్బాల మోతకి ఎగిరిపోతున్న పిచ్చుకల మసక గీతలు ఒక రోలు నిండా ఉండేవి. పొద్దున్నే తన పని అయ్యేదాకా నన్ను బావి దగ్గరికి రానిచ్చేది కాదు. నేనూ తక్కువ తినలేదు. ఆవిడ చీరలు ఆరేయించిన రోజే గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని ఎండుమిరపకాయలు దంచేదాన్ని. అవతల దగ్గు తెర తెరలుగా వినిపిస్తుంటే నా రోకలి ఇంకా బాగా ఆడేది.

సాయంత్రం మావారితో చెబితే ఆయన చొక్కా విప్పుకుంటూ "పోనిద్దూ. ఈ రోజుల్లో ఆఫీసుకి నడిచిపోయేంత దగ్గర్లో ఇల్లు దొరకడం మాటలా" అనేవారు. ఆయనకి దొరికిన ఇల్లు వేరు, నాకు దొరికిన ఇల్లు వేరు. ఆయన రోజంతా ఆఫీసులో ఉండేవారు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఊళ్ళో దీపాల మీద ఆంక్ష పెట్టారు. పైనుంచి విమానాలకి కనపడకూడదని బయట దీపం వెలిగించనిచ్చేవారు కాదు. ఇంటావిడ తన పెరటి వసారాలో దూలానికి వేలాడే తాడుకి ఎప్పుడూ లాంతరు తగిలించేది. అది తీసి లోపల పెట్టేసింది. తాడు ఒట్టిగా వేలాడుతూ మిగిలింది. కొన్నాళ్ళకి దాని కొసన ఒక తేనెపిట్ట గూడు కట్టడం మొదలుపెట్టింది. బొటనవేలంత పిట్ట. మగది ఎండలో ఊదారంగుగా మెరుస్తుంది, ఆడది మట్టిరంగు. గూడు కట్టేది ఆడదే. సాలెగూడు పోగులు, ఎండుగడ్డి, గొంగళిపురుగు విసర్జించిన పొడి, చివరికి ఇంటావిడ చీరల అంచున వేలాడే నూలు ముక్కలు కూడా తెచ్చి, పొడుగాటి సంచీలా వేలాడదీసింది. దాని గుమ్మం మీద ఒక చిన్న చూరు కూడా పెట్టింది.

నాకు అన్నం సహించలేదు. నాన్న కూడా ఎప్పుడూ తేనెపిట్టని తీయలేకపోయారు. అది నీళ్ళకి రాదు, నూకలకి రాదు. దాన్ని మూర దూరంలో పట్టుకోవాలంటే గూటి దగ్గరే. గూడు ఇంటావిడ వసారాలో ఉంది.

ఒకరోజు ఆవిడ కత్తెర తీసుకుని దాని కింద నిలబడడం బావి దగ్గర్నుంచి చూశాను. చేద అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"కొయ్యకండి పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడకి దణ్ణం అన్న మాట నా నోట వినడం అదే మొదలు. కత్తెర దించి, ఆ మాటని కాసేపు చప్పరించింది.

"అంత ప్రాణమా దాని మీద?"

"గుడ్లు పెట్టిందండీ."

"నాకు తెలుసు. గుడ్లున్న గూడు తీస్తే ఇంటికి మంచిది కాదని మా అత్తగారు చెప్పేవారు. ఆ పోగులు వేలాడుతుంటే కత్తిరిద్దామని వచ్చాను, అంతే. నీ దణ్ణం కోసం ఉంచడం లేదు." తర్వాత కత్తెరతోనే నేల మీద ఒక గీత చూపించింది, వసారా మెట్టు దగ్గర. "ఆ డబ్బా పట్టుకుని ఇది దాటావంటే మాత్రం డబ్బాని బావిలో పడేస్తాను."

ఆ తర్వాత విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను వాడి బాంబులు పడ్డాయన్న కబురొచ్చింది. బెజవాడలో రైళ్ళున్నాయి, కృష్ణ మీద వంతెన ఉంది, తర్వాత మన మీదే వేస్తారని ఊరు ఊరంతా లేచింది. బళ్ళ మీదా, కాలవ పడవల మీదా, రైలు పెట్టెల తలుపులకి వేలాడుతూ జనం వెళ్ళిపోయారు. మా సందులో తాళం కప్పలు తప్ప మనుషులు లేరు. మావారు నన్ను మైలవరం వెళ్ళమన్నారు. రైల్వే వాళ్ళని ఊరు విడవనివ్వరు కాబట్టి ఆయన రారు.

"మీకు అన్నం ఎవరు వండిపెడతారు?" అన్నాను.

"నేను వండుకుంటాను."

"ఏడిచినట్టే ఉంటుంది" అని పెట్టె సర్దలేదు. ఆయన కోసం ఉండిపోయానని ఆయన సంతోషించారు. నేను కాదనలేదు. గుడ్లు పగిలి పిల్లలు లేచాయి, వాటి సన్నటి అరుపులు బావి దాకా వినిపిస్తున్నాయని మాత్రం చెప్పలేదు.

ఇంటావిడా కదల్లేదు. "నా సరుకు వదిలి ఎక్కడికి పోతాను? బాంబు వేస్తే చీరల మీద వేస్తాడు, నేనూ వాటితోనే" అందిట. తమ్ముడు మాత్రం పెళ్ళాం పిల్లల్ని పంపించేసి, తను వార్డెనుగా చేరాడు. చేతికి పట్టీ, మెడలో ఈల. ఎవరింట్లోంచైనా దీపం కనపడితే ఈల వేయడం ఆయన పని. మా పెరటి గోడ పక్కన ఆగి అవసరం లేకపోయినా ఒకసారి వేసేవాడు.

ఊరు ఖాళీ అయ్యాక ఆ పెరట్లో ఇద్దరం ఆడవాళ్ళమే మిగిలాం, ఒకరికొకరు గిట్టకుండా. మధ్యాహ్నం ఎక్కడా చప్పుడుండేది కాదు. ఎన్నడూ రాని పిట్టలు వచ్చాయి. బావిగట్టు మీద లకుముకిపిట్ట కూర్చుంది. జెముడుకాకి నేలమీద రాజులా నడిచింది. యార్డు తీగ మీద పాలపిట్ట. ఫిల్ము దొరకని రోజులు. నా దగ్గర ఉన్న చివరి రోలు కెమెరాలోనే ఉంది. అందులో ఒక్క బొమ్మ కూడా వీటి మీద ఖర్చుపెట్టలేదు.

మధ్యాహ్నం భోంచేసి ఇంటావిడ కాసేపు నడుం వాల్చేది. సరిగ్గా అప్పుడే ఎండ వాలి వసారాలోకి, గూటి మీదకి వచ్చేది. ఒకరోజు ఆవిడ గురక వినిపించేదాకా ఆగి, ముక్కాలిపీటా, మూరకర్రా, కెమెరా, ఇటుకా పట్టుకుని ఆ గీత దాటాను. గూడు ఎత్తులో ఉంది కాబట్టి ఆవిడ చీరల బేలు మూట ఒకటి జరిపి దాని మీద పీట వేశాను. దారం పట్టుకుని స్తంభం వెనక నక్కాను.

ఆడది వచ్చింది. నోట్లో సాలెపురుగు. గూటి గుమ్మం పట్టుకుని వేలాడింది, లోపలినుంచి రెండు ఎర్రటి నోళ్ళు తెరుచుకున్నాయి. దారం లాగాను. టిక్కుమంది. వెళ్ళి ఫిల్ము ముందుకి తిప్పి మళ్ళీ వచ్చాను. మగది వచ్చింది, ఎండ దాని వీపు మీద పడింది. టిక్కు. అలా ఎన్ని సార్లో. రోలు అయిపోయింది. అంత ఆనందం నాకు ఆ ఊళ్ళో అంతవరకూ లేదు.

పీట దించుతుంటే ఇటుక జారి కిందపడింది.

ఇంటావిడ తలుపు తీసుకుని వచ్చింది. జారిన జుట్టుముడి చేత్తో పట్టుకుని, బేలు మీద నా అడుగుల మట్టిని చూసింది. "దొంగముండా" అంది. అంతవరకూ ఎన్ని అనుకున్నా ఆ మాట రాలేదు మా మధ్య.

"నోరు జాగ్రత్త" అన్నాను. "మీ చీర దారప్పోగు కూడా నేను తీసుకోలేదు. నా పిట్టని నేను తీసుకున్నాను."

"నీ పిట్టా? నా దూలం, నా తాడు, నా నూలు! కెమెరా పట్టుకుని నా ఇంట్లో జొరబడుతుందిరా!" అని వీధి దాకా వినపడేలా అరిచింది. నేను కెమెరా గుండెకి హత్తుకుని, పీట అక్కడే వదిలేసి పారిపోయాను. వీధి వైపు నుంచి తమ్ముడు రావడం, "కెమెరానా? ఏం కెమెరా అక్కయ్యా?" అనడం వినిపించింది. అప్పుడు దాని అర్థం నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున మావారు ఆఫీసుకి బయల్దేరుతుండగా హెడ్డు కానిస్టేబులు ఇంకొకతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ వెనక ఇంటావిడ తమ్ముడు, చేతికి పట్టీతో.

"మీ ఇంట్లో కెమెరా ఉందిట. గోడ అవతల రైల్వే యార్డు ఫోటోలు తీస్తున్నారని కబురొచ్చింది" అన్నాడు హెడ్డు.

మావారి మొహంలో నెత్తురు లేదు. గూడ్సు ఆఫీసు గుమాస్తా ఇంట్లో కెమెరా, యార్డు ఫోటోలు, యుద్ధం. ఉద్యోగం ఒక్కటే కాదు, మనిషే మాయమైపోవచ్చు. ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. "ఆవిడ పిట్టల్ని తీస్తుందండీ" అన్నారు. చెబుతుంటే అది అబద్ధంలా వినిపించింది.

"పిట్టల్నా?" అని నవ్వాడు హెడ్డు. "ఏదీ, తెండి."

తెచ్చాను. పెరట్లో ఎండలో నిలబడి అటూ ఇటూ తిప్పి చూశాడు, వెనక మూత గొళ్ళెం మీద వేలు పెట్టాడు.

"అయ్యో, తియ్యకండి! వెలుగు తగిలితే..."

తీసేశాడు. లోపలి చుట్టని పట్టి లాగాడు. ఫిల్మూ, దాని నల్లకాగితమూ పాము కుబుసంలా కిందకి వేలాడాయి. ఎండకి ఎత్తి చూశాడు.

"ఇందులో బొమ్మలేం లేవే?"

"ఉండేవి" అన్నాను. "ఇప్పుడు లేవు."

"అంటే ఏవో దాచావన్నమాట" అన్నాడు తమ్ముడు. హెడ్డు మొహం గట్టిపడింది. ఇద్దరూ స్టేషనుకి రావాలన్నాడు.

అప్పుడు వసారాలోంచి ఇంటావిడ వచ్చింది. గంజి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, తొందరేమీ లేకుండా.

"హెడ్డుగారూ, ఈ పిల్లంటే నాకు ఒళ్ళు మంట" అంది. "దీని పిట్టలు నా చీరలు పాడుచేశాయి. కావాలని కారం దంచి నన్ను దగ్గించి చంపింది. పెద్దా చిన్నా లేదు. నిన్న నా సరుకు తొక్కింది. ఇవన్నీ రాసుకోండి, కావాలంటే సంతకం పెడతాను. కానీ ఇది గూఢచారి అంటే మాత్రం గాడిదలు నవ్వుతాయి."

"మరి ఫోటోలు..."

"మూర దాటితే ఆ డబ్బాకి కళ్ళు కనపడవు. కర్రతో కొలుచుకుంటుంది, రోజూ చూస్తూనే ఉన్నాను. దీని ఎత్తెంత, ఆ గోడ ఎత్తెంత, మీరే చూడండి. ఇంట్లో పని లేదు, ఒళ్ళో పిల్ల లేదు, కాకుల్నీ పిచ్చుకల్నీ చూసుకుంటూ కూర్చుంటుంది. మతి లేనివాళ్ళని పట్టుకెళ్ళే చట్టముంటే పట్టుకెళ్ళండి."

నా చెవులు కాలిపోయాయి. అన్నిటికంటే ఒళ్ళో పిల్ల లేదన్న మాట. హెడ్డు నన్నూ, గోడనీ, తాడుకి వేలాడుతున్న గూటినీ వరసగా చూశాడు. ఆడపిట్ట వచ్చి, ఇంతమంది ఉన్నారని జామకొమ్మ మీద ఆగి గోల పెడుతోంది.

ఇంటావిడ తమ్ముడి వైపు తిరిగింది. "నీ చేతికి గుడ్డ కట్టింది దీపాలు చూడమని. నా గుమ్మంలోకి పోలీసుల్ని తెమ్మని కాదు. రేపు ఊరు తిరిగొచ్చాక, ఆ ఇంటికి పోలీసులొచ్చారటగా అంటే నా చీర ఎవరు కొంటారు? ఫో, దుకాణం తియ్యి."

ఆయన పోయాడు. హెడ్డు కెమెరా మూత మూసి మావారి చేతిలో పెట్టాడు. "యుద్ధమయ్యేదాకా దీన్ని బయట కనపడనివ్వకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మావారు వాళ్ళని సందు చివరిదాకా సాగనంపి, అటునుంచి అటే ఆఫీసుకి పోయారు. నేను నేలమీద పడ్డ ఫిల్ము చుట్టుకున్నాను. అప్పటికే అంతా ఒకటే రంగు.

సాయంత్రం మావారు "వెళ్ళి ఆవిడకి ఒక మాట చెప్పిరా. ఆవిడ లేకపోతే ఏమయ్యేది?" అన్నారు. నాకు కాళ్ళు రాలేదు, అయినా వెళ్ళాను. ఆవిడ చీరలు మడతపెడుతోంది. నేను గీత ఇవతలే నిలబడ్డాను.

"పిన్నిగారూ, పొద్దున మీరు..."

"నీకోసం చెప్పలేదు" అంది తలెత్తకుండా. "నా ఇంటి పరువు కోసం చెప్పాను. నీ పీట అక్కడుంది, తీసుకుపో. నెల తిరిగేలోపల ఇల్లు ఖాళీ చెయ్యండి."

"చేస్తాం" అన్నాను. "మీరు చెప్పక్కర్లేదు."

కృతజ్ఞత చెబుదామని వెళ్ళి ఇంకొంచెం కోపం మోసుకుని వచ్చాను. నిజానికి అది నాకు తేలిగ్గా అనిపించింది. ఆవిడ మెత్తగా ఒక్క మాట అని ఉంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు.

కొన్ని రోజులకే పిల్లలు ఎగిరాయి. నేను బావి దగ్గర ఉన్నాను, కెమెరాలో ఫిల్ము లేదు. మొదటిది గూటి గుమ్మంలో కూర్చుని, ఒకసారి తూలి, చీరలు లేని తాడు మీద పడ్డట్టుగా వాలింది. తల్లి చుట్టూ తిరిగి అరుస్తోంది. రెండోది చాలాసేపు రాలేదు. ఇంటావిడ వసారాలో చీర ఒకటి సగం మడతపెట్టి, చేతుల్లో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. గంజి పెట్టిన చీరలు ఆరేయవలసిన వేళ దాటిపోతున్నా కదల్లేదు. రెండోదీ ఎగిరింది. అప్పుడు నేను అక్కడున్నట్టు చూసుకుంది. మడత పూర్తిచేసి, లోపలికి పోయి, తలుపు ధడాలున వేసుకుంది.

నెల తిరగకముందే సామాను బండికెత్తాం. కాలవ అవతల ఒక ఇంట్లో రెండు గదులు దొరికాయి. ఆఫీసుకి దూరం, కానీ ఆ ఇంటివాళ్ళు ఊరొదిలి బందరు దగ్గర పల్లెలో ఉండిపోయారు కాబట్టి గొడవలేదు. బండి కదిలేటప్పుడు ఇంటావిడ కనబడలేదు. నేనూ వెనక్కి చూడలేదు.

యుద్ధం ఆగాక, మళ్ళీ ఫిల్ము దొరకడం మొదలయ్యాక, అప్పటికి మా పెద్దపిల్ల పాకుతోంది. కొత్తింట్లో గన్నేరు చెట్టుకి ఒక తేనెపిట్ట గూడు పెట్టింది. ఎవరినీ అడగక్కర్లేకుండా, ఎవరి గురక కోసమూ కాచుకోకుండా తీశాను. గూటి చూరు కింద వేలాడుతూ, కింద నేలని చూస్తున్న ఆడపిట్ట. ముక్కు చివర సాలెపురుగు కాలు కూడా తెలుస్తోంది. స్టూడియో ఆయన దాన్ని పెద్దదిగా వేసి తన గోడకి పెట్టుకుంటానన్నాడు. మావారు దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. ఆయన మంచివారు, ఆయనకి ఎవరితోనూ విరోధం నిలవదు.

"దీనికి ఇంకో కాపీ వేయించి ఆవిడకి ఇచ్చిరాకూడదూ? ఎంతైనా ఆ రోజు మనల్ని కాపాడింది" అన్నారు.

"కాపాడింది" అన్నాను. "ఒళ్ళో పిల్ల లేదని కూడా అంది."

ఆయన బొమ్మని దీపం దగ్గర్నుంచి తీసి నా చేతికిచ్చారు. కాపీ వేయించాను, మైలవరంలో నాన్నకి పంపించాను. ఇంటావిడకి ఇవ్వలేదు.